ఏజెన్సీ (పదం)

"ఏజెన్సీ" అనునది తెలుగువారు నిత్యం వాడుకొనే ఆంగ్ల పదాలలో ఒకటి. ఆంగ్లంలో దీనికి ముఖ్యంగా మూడు అర్థాలు కలవు. ఒకరి తరఫున మరొకరు పని చేయడం లేక అటువంటి వ్యాపారం మొదటిది. ఒక నిర్దిష్టమైన పనికై ఏర్పడిన సంస్థ రెండవది. తనంత తానుగా పనిచేయగల శక్తి మూడవది. ఇవి కాక, ఖమ్మం - భద్రాచలం అడవుల సరిహద్దులోను, అక్కడి నుండి తూర్పు కనుమల పొడవునా శ్రీకాకుళం వరకును ఈ మాటకు చిన్న నిఘంటువులలో కనిపించని నాలుగవ అర్థం ఒకటి ఉన్నది. ఇక్కడ "ఏజెన్సీ" అంటే ఒక భూభాగం. గిరిజనుల భూములకు ప్రత్యేక రక్షణ కల్పించిన ప్రాంతం. ఒక ఊరు ఏజెన్సీలో ఉన్నదా లేదా అన్నదానిని బట్టి ఆ ఊరి భూమిని ఎవరు కొనవచ్చునో, ఎవరు కొనరాదో నిర్ణయమవుతుంది. ఇంత బరువైన అర్థం ఒక అరువు మాటకు ఎట్లా అబ్బినదో, దానిని మిగిలిన అర్థాలతో కలపకుండా ఎట్లా వాడవలెనో ఈ వ్యాసం వివరిస్తుంది.

వ్యుత్పత్తి, ఆంగ్లంలోని అర్థాలు

ఈ పదానికి మూలం లాటిన్ భాషలోని "అగెరె" అనే ధాతువు. దానికి చేయుట, నడుపుట అని అర్థం. చేసేవాడు ఏజెంటు; ఆ చేయడం ఏజెన్సీ. ఆంగ్ల వ్యాకరణంలో కర్మణి వాక్యాన్ని బోధించేటప్పుడు "రాముని చేత రావణుడు చంపబడెను" అనే వాక్యంలోని రాముణ్ణి ఏజెంటు అంటారు. మన వ్యాకరణంలో ఇదే కర్త. కర్త అనే మాటను గుర్తుంచుకుంటే ఈ పదానికి ఉన్న అర్థాలన్నిటికీ దారి దొరుకుతుంది.

చిత్రమేమంటే వ్యాపారంలోను న్యాయశాస్త్రంలోను ఏజెంటు స్వతంత్ర కర్త కాడు, మరొకరి బదులు పని చేసేవాడు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో ఒక అధ్యాయమంతా ఈ సంబంధం గురించే. అసలు వ్యక్తి తరఫున ఏజెంటు చేసిన పనికి అసలు వ్యక్తి బాధ్యుడవుతాడు. గ్యాస్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ, ఎరువుల ఏజెన్సీ అన్నవి ఈ అర్థం నుండి వచ్చినవే. కంపెనీ సరుకును కంపెనీ పేరు మీద ఊరిలో అమ్మిపెట్టే దుకాణం అని వాటి భావం. మన పట్టణాలలో దుకాణాల పేర్లకు చివర "ఏజెన్సీస్" అని బహువచనం తగిలించడం పరిపాటి. దుకాణం ఒకటే అయినా పలు కంపెనీల సరుకు అమ్ముతుందని చెప్పుకోవడానికి ఈ పద్ధతి వచ్చి ఉండవచ్చును.

సంస్థ అనే అర్థం వార్తా ఏజెన్సీ, దర్యాప్తు ఏజెన్సీ, నోడల్ ఏజెన్సీ, అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ మొదలైన వాడుకలలో ఉన్నది. ఐక్యరాజ్య సమితి అనుబంధ సంస్థలను కూడా ఆంగ్లంలో ఈ మాటతోనే పిలుస్తారు. పాత వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాలలో విత్తనాలు గాలి యొక్క "ఏజెన్సీ" వలన వ్యాపిస్తాయని ఉండేది. దీనిని తెలుగులో "గాలి ద్వారా" అంటే చాలును. వేరే నామవాచకం వెతకనక్కరలేదు.

కొండలకు ఈ పేరు వచ్చిన విధము

తెలుగులో కొండ ప్రాంతానికి మన్యం, మన్నెం అనే పేర్లు మొదటి నుండీ ఉన్నవి. (దీనిని పన్ను లేకుండా ఇచ్చే ఈనాము భూమి అయిన "మాన్యం"తో కలపరాదు. దీర్ఘం ఒక్కటే తేడా అయినా పదాలు వేరు.) మరి ఇంత చక్కని మాట ఉండగా ఏజెన్సీ ఎందుకు వచ్చినది?

1830ల నాటికి గంజాం, విశాఖపట్టణం జిల్లాల కొండ జమీందారీలలో తరచుగా తిరుగుబాట్లు జరిగేవి. వాటిని అణచడానికి, కారణాలు విచారించడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపినది. మైదానాలలోని కోర్టులు, రెవెన్యూ నిబంధనలు ఈ కొండలలో యథాతథంగా పనికిరావని తేలిన మీదట 1839లో 24వ చట్టం చేశారు. దాని ప్రకారం ఆ కొండ ప్రాంతాలు సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తొలగి, జిల్లా కలెక్టరు చేతికి వచ్చినవి. అయితే అక్కడ ఆయన కలెక్టరు హోదాలో గాక, "ఫోర్ట్ సెయింట్ జార్జి గవర్నరుకు ఏజెంటు" అనే హోదాలో పరిపాలించేవాడు. పన్ను, పోలీసు, సివిల్, క్రిమినల్ తగవులు అన్నీ ఆయన అధికారం క్రిందనే ఉండేవి. ఏజెంటు పాలించే ప్రాంతం కాబట్టి అది ఏజెన్సీ అయినది. అంటే ముందు పదవికి వచ్చిన పేరు తరువాత నేలకు అంటుకొన్నది.

గోదావరి కొండలకు ఈ ఏర్పాటు తరువాత వచ్చినది. 1874లో వచ్చిన షెడ్యూల్డు జిల్లాల చట్టం దేశంలోని ఇటువంటి ప్రాంతాలకు ఉమ్మడి చట్రం కల్పించినది. 1879లో రంప తిరుగుబాటు, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులతో మొదలై 1924 మేలో అల్లూరి సీతారామరాజు మరణం వరకు సాగిన పోరాటం, ఈ రెండూ ఏజెన్సీ చరిత్రలో పెద్ద ఘట్టాలు. సీతారామరాజును జనం మన్యం వీరుడు అనే అన్నారు. "ఏజెన్సీ వీరుడు" అని ఎవరూ అనలేదు. ఒకే కొండకు ప్రజల నోట ఒక పేరు, దస్త్రాలలో మరొక పేరు నడిచిన కాలమది. సివిల్ వ్యాజ్యాల విచారణకు ఏజెన్సీ నిబంధనలు వచ్చినది కూడా 1924లోనే.

గోదావరికి ఆ ఒడ్డు, ఈ ఒడ్డు

ఖమ్మం - భద్రాచలం ప్రాంతంలో ఈ పదం చరిత్ర మిగిలిన చోట్ల కంటె భిన్నమైనది. ఇక్కడ గోదావరి నది చాలాకాలం రెండు ప్రభుత్వాల మధ్య సరిహద్దుగా ఉండేది. భద్రాచలం నది ఎడమ ఒడ్డున ఉన్నది. 1860 సంధిలో నిజాం ఈ ఒడ్డును ఆంగ్లేయులకు వదలుకొన్నాడు. మొదట సెంట్రల్ ప్రావిన్సులలో కలిసిన భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినవి. తదుపరి అవి గోదావరి ఏజెన్సీలో భాగమైనవి.

కుడి ఒడ్డున ఉన్న పాల్వంచ, ఇల్లెందు, అశ్వాపురం, బూర్గంపహాడ్ వైపు అడవులు మాత్రం నిజాం రాజ్యంలోనే ఉండిపోయినవి. అక్కడ గవర్నరూ లేడు, ఆయనకు ఏజెంటూ లేడు. కనుక ఏజెన్సీ అనే పేరుకు ఆస్కారమే లేదు. 1940లలో మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాలలో సలహాదారుగా పనిచేశారు. పాపికొండల రెడ్ల గురించి ఆయన వ్రాసిన గ్రంథం 1945లో వెలువడినది. ఆ దశాబ్దపు చివరి సంవత్సరాలలో హైదరాబాదు రాజ్యంలో గిరిజన ప్రాంతాల నిబంధనలు వచ్చినవి. వాటిలో వాడిన మాట "నోటిఫైడ్ గిరిజన ప్రాంతం". నదికి ఇరువైపులా ఉన్నది కోయలే, కొండరెడ్లే. భాష ఒక్కటే, చుట్టరికాలు ఒక్కటే. కాని వారి నేలకు ప్రభుత్వాలు పెట్టిన పేర్లు రెండు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగంలోని 244వ అధికరణం, అయిదవ షెడ్యూలు ఈ రెంటికీ "షెడ్యూల్డు ప్రాంతం" అనే ఉమ్మడి పేరు ఇచ్చినవి. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వులు రెండు వచ్చినవి: మద్రాసు వంటి రాష్ట్రాలకు ఒకటి, హైదరాబాదు వంటి రాష్ట్రాలకు ఒకటి. భద్రాచలం మొదటి దానిలోను, పాల్వంచ, ఇల్లెందు వైపు గ్రామాలు రెండవ దానిలోను చేరినవి. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు నుండి విడిపోయి ఏర్పడినది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాకు మార్చారు. అదే సంవత్సరం ఆంధ్ర ప్రాంతపు షెడ్యూల్డు ప్రాంతాలకు వచ్చిన భూ బదిలీ నిబంధనను 1963లో తెలంగాణకు కూడా వర్తింపజేశారు. ఒకే జిల్లా, ఒకే చట్టం అయిన తరువాత భద్రాచలం వైపు మాట నది దాటి కుడి ఒడ్డుకు వచ్చినదని చెప్పవచ్చును. ఇప్పుడు ఇల్లెందు, గుండాల వైపు వారు కూడా తమ ప్రాంతాన్ని ఏజెన్సీ అనే అంటారు. ఏజెంటును ఎన్నడూ ఎరుగని నేలకు ఏజెన్సీ అనే పేరు స్థిరపడడం ఈ విధంగా జరిగినది.

2014లో రాష్ట్ర విభజన తరువాత పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపహాడ్ మండలంలోని కొన్ని గ్రామాలు, భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా ఆ మండలంలోని మిగిలిన గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినవి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. భద్రాచలం ఊరు దాటితే ఇప్పుడు కొన్ని దిక్కుల రాష్ట్రం మారుతుంది. కాని ఏజెన్సీ మారదు. రెండు వైపులా అదే మాట.

భూమి తగవులలో ఈ మాట బరువు

మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదిలీ చట్టం చేసినది. గిరిజనుడు తన భూమిని గిరిజనేతరునికి ఇవ్వవలెనంటే ఏజెంటు వ్రాతపూర్వకమైన ముందస్తు అనుమతి ఉండవలెను; లేనిచో ఆ బదిలీ చెల్లదు. అప్పు మీద వడ్డీకి కూడా హద్దు పెట్టారు. షావుకారు అప్పు, దాని వెనుక భూమి పోవడం, ఈ రెండూ ఒకే తాడుకు రెండు కొసలని ఆ చట్టం పేరులోనే తెలియుచున్నది.

1959 నిబంధన దీని స్థానంలో వచ్చినది. దానిని 1970లో 1వ నిబంధన ద్వారా గట్టిగా సవరించారు. షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనులకు లేక గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘాలకు తప్ప మరెవరికీ బదిలీ చేయరాదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా ఇదే నియమం. అంతేగాక, గిరిజనేతరుని చేతిలోని భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని మొదట భావించవలెను. కాదని నిరూపించుకొనే భారం ఆ గిరిజనేతరునిదే. సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో ఈ నిబంధన రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పినది. 1997లో సమతా కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గనుల కోసం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు కౌలుకు ఇవ్వడం కూడా చెల్లదని చెప్పినది.

ఈ 1970 నిబంధనను వాడుకలో "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. పత్రికలలో 1/70 అని వ్రాస్తారు. పై ప్రాంతాల నుండి వచ్చిన విద్యార్థులు దీనిని భిన్నంగా చదివి, డెబ్బయ్యింట ఒక వంతు భూమి ఎవరికో ఇవ్వవలెనని అర్థం చేసుకోవడం కద్దు. అది భిన్నం కాదు. 1970వ సంవత్సరపు మొదటి నిబంధన అని మాత్రమే భావం.

పై చట్టాలలో ఏజెంటు అనే హోదా నేటికీ పోలేదు. జిల్లా కలెక్టరు భూ బదిలీ నిబంధన క్రింద ప్రభుత్వ ఏజెంటుగాను, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాజెక్టు అధికారి అదనపు ఏజెంటుగాను వ్యవహరిస్తారు. మొదటి విచారణ గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు కోర్టులో జరుగుతుంది. పొలం తగవులో చిక్కుకున్న కోయ రైతుకు ఆ కోర్టు నుండి వచ్చే కాగితం మీద "ఏజెంటు" అన్న మాట కనిపిస్తే, అది భీమా ఏజెంటో, బస్సు టిక్కెట్ల ఏజెంటో కాదని ఎవరైనా చెప్పవలసి ఉంటుంది. ఒక్క మాట తప్పుగా అర్థమైతే అప్పీలు గడువు దాటిపోగలదు.

ఊరు ఏజెన్సీలోనిదా కాదా అన్నదే తగవుగా మారిన సందర్భాలూ ఉన్నవి. ములుగు జిల్లా మంగపేట మండలంలోని 23 గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంలోనివేనా అన్న వివాదం దశాబ్దాలు నడిచినది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అవి షెడ్యూల్డు ప్రాంతంలోనివేనని తీర్పు ఇచ్చినది.

ఉద్యోగాల విషయంలోను ఈ మాటకు విలువ ఉన్నది. షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలలలో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్‌లో కొట్టివేసినది. ఆ ఇరవై ఏళ్ళలో "ఏజెన్సీ సర్టిఫికెట్" అనే మాట ప్రతి నిరుద్యోగ గిరిజన యువకుని నోటా ఉండేది. ఆ ప్రాంతపు స్థానికుడని తెలిపే పత్రాన్నే ఆ విధంగా పిలిచేవారు.

తెలుగులో వాడుక

ఏజెన్సీ పదం తెలుగులో ఈకారాంత నామవాచకంగా స్థిరపడినది. ఏజెన్సీలు, ఏజెన్సీకి, ఏజెన్సీలో అని విభక్తులు చేరుతాయి. "ఏజన్సీ" అని వ్రాసేవారూ ఉన్నారు. ప్రాంతం అనే అర్థంలో దీనికి బహువచనం అరుదు. "ఏజెన్సీలు" అంటే దుకాణాలో సంస్థలో అని వినేవారికి తోస్తుంది. ప్రాంతాలు అని చెప్పదలచినప్పుడు "ఏజెన్సీ ప్రాంతాలు" అనవలెను. దీనికి వ్యతిరేక పదం "మైదాన ప్రాంతం". వానాకాలంలో పత్రికలలో ఏజెన్సీలో జ్వరాలు అన్న శీర్షిక, రాజకీయ వార్తలలో ఏజెన్సీ బంద్ అన్న శీర్షిక తరచుగా కనిపిస్తాయి. వీటిలో ఏ సంస్థ ప్రసక్తీ లేదు.

అయితే ఒకే వాక్యంలో రెండు అర్థాలు ఎదురుపడే చోటు ఒకటి ఉన్నది. అయిదవ పంచవర్ష ప్రణాళిక కాలం (1974-79) నుండి గిరిజన ప్రాంతాలలో ఏర్పడిన ఐటీడీఏ పేరులో చివరి అక్షరం ఏజెన్సీయే. అక్కడ దానికి అర్థం సంస్థ. కనుకనే తెలుగులో దానిని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ అని సరిగా అనువదించారు. భద్రాచలంలోని ఐటీడీఏ కార్యాలయం "ఏజెన్సీలోని ఏజెన్సీ" అని చమత్కరిస్తే వ్యాకరణరీత్యా తప్పు లేదు.

విద్యార్థులు పొరబడే చోట్లు

ఏజెన్సీ అంటే అడవి అని పలువురు అనుకొంటారు. ఇది సరికాదు. రిజర్వు అడవి అటవీశాఖ చట్టాల క్రింద ఏర్పడేది. షెడ్యూల్డు ప్రాంతం రాష్ట్రపతి ఉత్తర్వు వలన ఏర్పడేది. ఏజెన్సీలో పొలాలు, బొగ్గు గనులు, పెద్ద ఊళ్ళు కూడా ఉన్నవి. రామాలయం గల భద్రాచలం పట్టణమే ఏజెన్సీలోనిది. మునిసిపాలిటీలకు సంబంధించిన రాజ్యాంగ భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు తనంత తానుగా వర్తించదు. భద్రాచలం ఎంత పెరిగినా దశాబ్దాల తరబడి గ్రామ పంచాయతీగా కొనసాగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఏజెన్సీలో నివసించేవారందరూ గిరిజనులే అనుకోవడం మరొక పొరపాటు. గిరిజనులందరూ ఏజెన్సీలోనే ఉంటారనుకోవడం దీనికి జోడు. "ఏజెన్సీ మండలం" అని పిలిచే మండలంలో షెడ్యూలుకు చేరని గ్రామం ఉండవచ్చును. కాబట్టి భూమి విషయంలో మండలం పేరును గాక, ఉత్తర్వులో గ్రామం పేరు ఉన్నదో లేదో చూడవలెను. చట్టపరమైన వ్రాతలో "షెడ్యూల్డు ప్రాంతం" అనడమే ఉత్తమం.

ఆంగ్లంలో వ్రాసేటప్పుడు జాగ్రత్త ఇంకొంచెం ఎక్కువ కావలెను. "మా ఊరు ఏజెన్సీ" అని కోయ విద్యార్థి ఆంగ్లంలో యథాతథంగా వ్రాస్తే, బయటి పాఠకుడు ఆ ఊరిని ఏదో కార్యాలయం అనుకొంటాడు. షెడ్యూల్డు ప్రాంతం లేక గిరిజన ప్రాంతం అనే అర్థం వచ్చే మాటలు వాడవలెను. కోయ గోండీకి దగ్గరి బంధువైన ద్రావిడ భాష. ఈ పిల్లలు బడిలో తెలుగును, తరువాత ఆంగ్లాన్ని నేర్చుకొంటారు. 2000ల మొదటి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయతో సహా గిరిజన భాషలలో తెలుగు లిపితో వాచకాలు తెచ్చారు. మైదానపు పిల్లవాడు ఏజెన్సీ అనే మాటను గ్యాస్ దుకాణం బోర్డు మీద మొదట చూస్తాడు. కోయ పిల్లవాడు తన ఊరి పేరు ప్రక్కన మొదట వింటాడు. ఉపాధ్యాయులు పాఠం ఆరంభించే ముందు పిల్లలకు ఏ అర్థం తెలుసునో అడిగి తెలుసుకొనుట మంచిది.

పాలిత ప్రాంతాన్ని ఏజెన్సీ అనడం మన కొండలకే పరిమితం కాదు. రాజపుటానా ఏజెన్సీ, మధ్య భారత ఏజెన్సీ అన్నవి స్వదేశీ సంస్థానాలపై ఆంగ్లేయుల పర్యవేక్షణకు ఏర్పడినవి. పాకిస్తాన్ వాయవ్య సరిహద్దులో ఖైబర్, కుర్రం, బజౌర్ మొదలైన ఏడు గిరిజన ఏజెన్సీలు 2018లో ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో విలీనమైనవి. అమెరికాలో ఆదిమ జాతుల రిజర్వేషన్లపై ప్రభుత్వం నియమించిన అధికారిని ఇండియన్ ఏజెంటు అనేవారు. ఆయన కార్యాలయం చుట్టూ పెరిగిన ఊరు ఏజెన్సీ. దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జ్ ఇందుకు ఉదాహరణ. వీటన్నిటిలోను ఏజెంటు ప్రభుత్వం తరఫువాడే గాని అక్కడి ప్రజల తరఫువాడు కాడు.

డిగ్రీ, స్నాతకోత్తర స్థాయిలో సామాజిక శాస్త్రాలు చదివేవారికి మరొక చిక్కు వస్తుంది. ఆ గ్రంథాలలో "గిరిజనుల ఏజెన్సీ" అనే ప్రయోగం ఉంటే అది ప్రాంతం కాదు, సంస్థ కాదు. తమ గురించి తామే నిర్ణయించుకొని పనిచేయగల శక్తి అని అర్థం. ఈ అర్థంలో ఆంగ్లంలో బహువచనం గాని, ముందు ఏకవచన సూచకం గాని రాదు. దీనికి తెలుగులో "కర్తృత్వం" అనే మాట సరిపోతుంది. ఉదాహరణకు, 1922 నాటి పోరాటం గురించి వ్రాస్తూ మన్యం ప్రజల కర్తృత్వం అంటే స్పష్టంగా ఉంటుంది. ఆ చోట "ఏజెన్సీ ప్రజల ఏజెన్సీ" అని వ్రాస్తే ఎవరికీ బోధపడదు.